పలాస జీడి కార్ఖానాలో సర్వర్ మెమరీ లెక్క

వ్యాపార డేటాబేస్ నడిపే సర్వర్‌కు ఎంత ర్యామ్ కావాలో తేల్చేది మొత్తం డేటా కాదు, అందులో రోజూ పని పడే భాగం. శ్రీకాకుళం జిల్లా పలాస–కాశీబుగ్గలో మేం చూసిన జీడి కార్ఖానా ఆఫీసు గదిలో ఒకే ఒక సర్వర్ ఉంది. దానికి ఎంత మెమరీ సరిపోతుందో తెలియాలంటే ముందు పప్పు వెంట నడవాలి.

పిక్కల బస్తా కాటా ఎక్కిన చోట మొదటి ఎంట్రీ పడుతుంది. చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతపు పంటతో పాటు ఆఫ్రికా దేశాల సరుకూ వస్తుంది కాబట్టి ఏ లాటు ఎక్కడిదో రాసుకోక తప్పదు. పిక్కలు ఉడికి, పగిలి, ఆరాక పప్పు పొట్టు తీసే ఆడవాళ్ల చేతికి వెళ్తుంది. సాయంత్రం వాళ్లు ఒక్కొక్కరే గిన్నె తెచ్చి కాటా మీద పెడతారు. గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు. కూలి కిలోల లెక్కన కాబట్టి గుమస్తా కొట్టే ప్రతి అంకె ఒకరి ఇంటికి వెళ్లే డబ్బు. డేటాబేస్‌లో అన్నిటికన్నా వేగంగా పెరిగే పట్టిక ఇదే. గ్రేడింగ్ బల్ల దగ్గర 180, 210, 240, 320 రకాలుగా మరికొన్ని ఎంట్రీలు పడతాయి. ఒక పౌనుకు ఎన్ని పప్పులు తూగుతాయో ఆ అంకె చెబుతుంది.

ఇక లెక్క. 300 మంది కూలీలు, మనిషికి రోజుకు 2 ఎంట్రీలు, ఏడాదికి 300 పనిరోజులు అనుకుంటే 1,80,000 వరుసలు. వరుసకు 200 బైట్లు వేసుకుంటే 36 ఎంబీ. ఇండెక్సులకు మరో అంత కలిపినా పదేళ్లకు 720 ఎంబీ దాటదు. కొనుగోళ్లు, జీఎస్టీ బిల్లులు, స్టాకు చేర్చినా గుండెలు బాదుకునేంత పెరగదు. నిజంగా పెరిగేది బిల్లుల స్కాన్‌లూ ఫొటోలూ డేటాబేస్‌లోనే దాచినప్పుడు. వాటిని విడిగా ఫోల్డర్‌లో పెట్టుకోవడమే మేలు.

రోజూ తిరగేసే పేజీలు మెమరీలో ఉంటే డిస్కు దాకా వెళ్లే పని తగ్గుతుంది. అయితే ర్యామ్ కొనేముందు సాఫ్ట్‌వేర్ హద్దు చూసుకోవాలి. చిన్న సంస్థలు ఉచితంగా వాడుకునే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ 2022 వెర్షన్ డేటా పేజీల కోసం 1,410 ఎంబీ మించి వాడుకోదు, ఒక్కో డేటాబేస్‌ను 10 జీబీ దాటనివ్వదు. అలాంటి చోట 64 జీబీ పెట్టడం డబ్బు పారబోయడమే. పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో తిరకాసు వేరు. డేటా పేజీలకు అది కేటాయించుకునే షేర్డ్ బఫర్స్ విలువ మామూలుగా 128 ఎంబీ దగ్గరే ఉంటుంది. డేటాబేస్‌కే కేటాయించిన సర్వర్‌లో ర్యామ్‌లో పావు వంతుతో మొదలుపెట్టమంటారు. ఆ విలువ మార్చకపోతే కొత్త ర్యామ్ వేసిన ఫలితం పూర్తిగా అందదు.

ఈ కార్ఖానా స్థాయికి 16 జీబీ ధారాళం. విండోస్‌కు 4, బ్యాకప్, యాంటీవైరస్‌లకు 2 తీసేసినా 10 జీబీ మిగులుతుంది. నెలాఖరు కూలి రిపోర్టు పెద్ద పట్టికలను సార్ట్ చేస్తుంది, నలుగురు ఒకేసారి తీస్తే నాలుగింతలు అడుగుతుంది. ఆ మిగులు అందుకు.

కరెంటు పోతే మెమరీలోది పోతుంది గాని, పూర్తయిన లావాదేవీలు డిస్కు మీది లాగ్‌లో భద్రంగా ఉంటాయి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను తీరం దాటాక ఉద్దానం రోజుల తరబడి చీకట్లో ఉంది. అంతసేపు ఏ యూపీఎస్సూ నిలబడదు. సర్వర్ మళ్లీ లేచాక మెమరీ ఖాళీగా ఉంటుంది కనుక మొదటి రిపోర్టులు నెమ్మదిగా వస్తాయి. ఆ గంటను చూసి ర్యామ్ చాలదని తీర్మానించకూడదు. కొలవాల్సింది సీజన్ మధ్యలో, కాటా దగ్గర రద్దీగా ఉన్న సాయంత్రం పూట. అప్పుడు కూడా డిస్కు నుంచి చదవడం ఆగకుండా సాగుతుంటే, ముందు ఇండెక్సులు సరిచూసి, ఆ తర్వాతే మెమరీ పెంచాలి. కొనేటప్పుడే 8 జీబీ కార్డులు రెండు వేయించి మిగతా స్లాట్లు ఖాళీగా ఉంచితే, పెంచాల్సిన రోజున పాతవి తీసేయాల్సిన పని ఉండదు.