కంపెనీ పేరు దగ్గర ఖాళీ

మా నాయిన తన ఆరె, రంపె ఎవరడిగినా ఇచ్చేవాడు. "పనిముట్టు దాచుకుంటే తుప్పు పడుతుందిరా" అనేవాడు. ఆయన కుట్టిన చెప్పులేసుకున్నోళ్లే ఆయన్ని వాకిలి బయట నిలబెట్టేవాళ్లు.

1999లో హైదరాబాదులో ఓ చిన్న ఆఫీసులో యాక్సెస్ 97 మీద పనిచేసేవాణ్ణి. టేబుల్లో ఒక ఫీల్డు పేరు మారిస్తే దాన్ని వాడిన క్వెరీలన్నీ చెడిపోయేవి. ఒక్కోటీ తెరిచి దిద్దాలి. రాత్రుళ్లు కూచుని, పాత పేరు వెతికి కొత్తది పెట్టే యాడ్-ఇన్ రాశాను. మొదట్లో పనిచెయ్యలేదు. యాడ్-ఇన్‌లో కోడ్‌డీబీ అంటే దాని సొంత ఫైలు, కరెంట్‌డీబీ అంటే వాడేవాడి ఫైలు. నేను ఒకదాని బదులు ఇంకోటి రాశాను. తనిల్లేదో పరాయిల్లేదో మరిచిపోవటం మా వాడలో పసిపిల్లలు కూడా చెయ్యని తప్పు!

పూటంతా పట్టే పని నిమిషాల్లో అయింది. కులం బయటపడుద్దని భయపడి, నా పేరు లేకుండా ఒక మిత్రుడి చేత ఫ్లాపీలు పంచాను. "ఇది మనోళ్ల బుర్రే" అన్నాడో సీనియరు. అందరూ తలూపారు. నేనూ ఊపాను. ఆ ఊపుడుకి ఇప్పటికీ సిగ్గుపడతాను.

యాడ్-ఇన్ మేనేజర్ తెరిస్తే టైటిల్, కంపెనీ పేరు కనబడతాయి. కంపెనీ దగ్గర ఖాళీ వదిలింది నేనే. ఆ రాత్రి అక్కడ "మాదిగపల్లె" అని కొట్టి, కింద నా పేరు రాసి, మర్నాడు ఫ్లాపీలు నా చేత్తోనే ఇచ్చాను.

కొందరు తీసుకున్నారు. ఆ సీనియరు మాత్రం మళ్లీ ఒక్కో క్వెరీ చేత్తో దిద్దుకోవటం మొదలెట్టాడు. నేను పేరు తియ్యలేదు.