గ్రౌండ్‌కి ముందు సూది

పోలీసు భర్తీ ప్రకటన పడిందంటే మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరోంచలో నా క్లినిక్ బల్ల మీద కుర్రాళ్లు వరసగా కూర్చుంటారు. "సారూ, ఒక్క సూది వెయ్యుండ్రి, పొద్దుగాల గ్రౌండ్ ఉంది" అంటారు. నేను వెయ్యను. పక్క వీధికి పోతే వేసేవాళ్లున్నారు. నొప్పి తెలియకుండా డైక్లోఫెనాక్, దాంతోపాటు 'బలానికి' స్టిరాయిడ్. ఏళ్లుగా వీళ్లతో నాకిదే పోరు.

ఈ కుర్రాళ్ల ఆశ అర్థం కాక కాదు. 1989లో ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు అధికారి కె.ఎస్. వ్యాస్ నక్సలైట్లను ఎదుర్కొనే గ్రేహౌండ్స్‌ను నిలబెట్టారు. మరుసటి ఏడాది గడ్చిరోలి ఎస్పీ కె.పి. రఘువంశీ ఈ జిల్లా కుర్రాళ్లనే అరవై మందిని ఎంచి సి-60 కమాండో దళాన్ని కట్టారు. ఈ అడవిలో దారులు తెలియాలి, గోండీ, మాడియా మాటలు రావాలి. అవి బయటివాళ్లకు నేర్పితే వచ్చేవి కావు. ఇప్పుడు ప్రాణహిత, గోదావరి ఒడ్డు ఊళ్లలో చదువుకున్న ప్రతి పిల్లాడికీ ఆ కమాండో దుస్తుల మీదే కన్ను. దానికి ముందు కానిస్టేబుల్ కావాలి. గ్రౌండ్ పరీక్షలో 1600 మీటర్ల పరుగుకు 20 మార్కులు. 5 నిమిషాల 10 సెకన్లలో ముగిస్తేనే పూర్తిగా వస్తాయి. ఆ పది సెకన్ల కోసం ఈ పిల్లలు ఒంటిని ఎంత హింస పెడతారో నేను చూస్తున్నాను.

ఒక పిల్లాడి సంగతి చెప్తాను. మే నెల. ఒళ్లు తేలిగ్గా ఉంటుందని రాత్రి తినలేదు. కడుపులో నీళ్లు ఊగుతాయని పొద్దున తాగలేదు. సూది వేయించుకుని ఎండెక్కాక పరుగు మొదలెట్టాడు. మూడో రౌండులో కూలబడ్డాడు. నరాలు పట్టేశాయనుకుని స్నేహితులు జండూబామ్ రాసి పిక్కలు పిసికారు. నేను తొడ మీద చెయ్యి వేసి చూశాను. నరం పట్టేస్తే కండ రాయిలా గట్టిపడుతుంది, మనిషి కేకలు పెడతాడు. ఇతని కండ మెత్తగా ఉంది, కేక లేదు. "కాళ్లు నావి కానట్టున్నయ్ సార్" అన్నాడు నెమ్మదిగా. గొట్టం వేస్తే కాఫీ డికాక్షన్ రంగు మూత్రం, అదీ కొంచెమే.

వాళ్ల నాన్నను గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు. బడిలో చదివే రోజుల్లో రక్తం తీసి, సికిల్ లక్షణం ఉందని కార్డు ఇచ్చారట. "చూపిస్తే నౌకరి రాదేమోనని పెట్టెల పెట్టినం సారూ." ఆయన మీద కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంటికి ఒక్కడే చదువుకున్నవాడు, వాడి నౌకరి మీదే ఇంటి అప్పులన్నీ ఆనుకుని ఉన్నాయి.

సెలైన్ ఎక్కించాం. అయినా రక్తంలో పొటాషియం పెరిగింది. గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు. అందుకే నది మీది వంతెన దాటించి తెలంగాణ వైపు పంపాం. డయాలసిస్‌తో బతికాడు. కిడ్నీలు కోలుకున్నాయి. ఆ ఏడు భర్తీ పోయింది.

ఈ ప్రాంతంలో గోండు, మాడియా, పర్ధాన్ ఇళ్లలో సికిల్ లక్షణం మోసేవాళ్లు చాలామంది. అమ్మానాన్నల్లో ఒకరి నుంచే వస్తే అది జబ్బు కాదు. చిన్నప్పుడు మలేరియా ముదరకుండా కాపాడిన రక్షణ కూడా అదే. మామూలు బతుకులో దాని ఊసే తెలియదు. ఊపిరి అందనంత వేగంగా పరుగెత్తినప్పుడు, ఒంట్లో నీరు తగ్గినప్పుడు, ఎండ మండుతున్నప్పుడు మాత్రం ఎర్రకణాలు కొడవళ్లలా వంగి, కండకు పోయే సన్నటి రక్తనాళాలను మూసేస్తాయి. కండ చచ్చి, అందులోని పదార్థం కిడ్నీకి అడ్డం పడుతుంది. పైగా వీళ్ల కిడ్నీలకు నీటిని ఆదా చేసే శక్తి తక్కువ. ఆ కిడ్నీకి రక్తం తగ్గించేదే ఆ నొప్పి సూది! నాకు మండేది ఇక్కడే.

అలాగని వీళ్లను పరుగెత్తొద్దనడం అన్యాయం. 1977 నుంచి 1981 దాకా అమెరికా సైన్యం శిక్షణలో ఈ లక్షణమున్న నల్లజాతి కుర్రాళ్లు, అది లేని నల్లజాతి కుర్రాళ్ల కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువగా హఠాత్తుగా చనిపోయారని లెక్క తేలింది. నీళ్లు, విశ్రాంతి, ఎండకు అలవాటు చేయడం అందరికీ నియమం చేశాక, సుమారు 48 వేల మంది నల్లజాతి సైనికులను చూసి 2016లో వెలువడిన అధ్యయనంలో మరణాల్లో తేడా కనబడలేదు. కండ దెబ్బతినే ముప్పు మాత్రం 54 శాతం ఎక్కువగానే ఉంది. రక్తం మారలేదు, తర్ఫీదు మారింది. సికిల్ లేనివాళ్లకూ ఆ తర్ఫీదు కావాలి. 2024లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ భర్తీకి 10 కిలోమీటర్ల పరుగు పెడితే పది మందికి పైగా అభ్యర్థులు చనిపోయారు.

మనోబలమంటే నొప్పిని దాచుకోవడమేనని ఈ పిల్లలకు ఎవరో నూరిపోశారు. అడవిలో దళం నడుస్తుంటే ఒకడు ఒంట్లో తేడా తెలిసీ చెప్పకుండా నడిచి పడిపోతే, నలుగురు తుపాకులు భుజానికి తగిలించుకుని అతన్ని మోయాలి. అక్కడ నోరు విప్పి "ఆగండి, నాకు బాగోలేదు" అనగలిగినవాడే తోటివాళ్లను కాపాడతాడు. ఆ మాట అనడం గ్రౌండ్‌లోనే అలవాటు కావాలి.

బిడ్డా, ఎండాకాలంలో పరుగు మొదటి పది పదిహేను రోజులు కొంచెం కొంచెంగా పెంచు. ఎండెక్కకముందే ముగించు. రాత్రి అన్నం మానకు. పొద్దున అంబలి తాగు. మూత్రం ముదురు రంగులో వస్తే ఆ రోజు పరుగు లేదు. జ్వరమొచ్చిన వారం అసలే లేదు.

గ్రౌండ్‌లో నేర్పే అన్నలకు ఒక్క మాట. సికిల్ కార్డు ఉందా అని అడగండి, ఉందన్నవాణ్ని వెళ్లగొట్టకండి. కూలబడ్డవాణ్ని "లే, లే" అని తరమకండి. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి, మాట్లాడుతున్నాడు కదా అని ఊరుకోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. నా దగ్గరికి తెస్తే ఏ వేళైనా తలుపు కొట్టండి, ఫీజు అడగను.