పొతోసి టంకశాలలో మరియమాత

బొలీవియాలోని పొతోసి నగరం సముద్రమట్టానికి సుమారు 4,000 మీటర్ల ఎత్తున ఉంది. నాలుగడుగులు వేస్తే చాలు, ఆయాసం ముంచుకొస్తుంది. తలెత్తి చూస్తే ఎర్రటి సెర్రో రికో కొండ. 1545లో ఈ కొండలో వెండి బయటపడింది. స్పెయిన్ రాజుల ఖజానాను, యుద్ధాలను చాలాకాలం పోషించింది ఆ వెండే. దాన్ని నాణేలుగా అచ్చుపోసిన టంకశాల ఇప్పుడు కాసా నాసియోనల్ దె మొనేదా అనే మ్యూజియం. 1759లో మొదలుపెట్టి 1773లో పూర్తిచేసిన కట్టడం ఇది. ఇక్కడి వలసకాలపు చిత్రాల కోసమే నేను వెళ్లాను.

మొదట మెల్చోర్ పెరెస్ ఓల్గిన్ చిత్రాలు చూశాను. కొచబాంబాలో పుట్టి పొతోసిలో స్థిరపడిన చిత్రకారుడాయన. ఉపవాసాలతో చిక్కిపోయిన ముఖాలు, నరాలు తేలిన చేతులు - ఆయన గీసిన సాధువులను చూస్తుంటే వాళ్ల తపస్సు మన ఒంటికి తెలుస్తుంది.

నన్ను కదలనివ్వనిది మాత్రం 18వ శతాబ్దపు 'కొండ మరియమాత' చిత్రం. గీసినవారి పేరు తెలియదు. మరియమాత ముఖం, రెండు చేతులు మాత్రమే మనిషివి. మిగతా దేహమంతా సెర్రో రికోనే. పైన త్రిత్వం ఆమెకు కిరీటం పెడుతోంది. ఒకపక్క సూర్యుడు, మరోపక్క చంద్రుడు. కింద పోపు, చక్రవర్తి మోకరిల్లి ఉన్నారు. దగ్గరికి వెళ్లి చూస్తే కొండవాలు మీద సన్నటి దారులు, చెట్లు, లామాలు, చీమలంత మనుషులు. ఇన్కా సామ్రాజ్యపు రాజు కూడా అక్కడే ఉన్నాడు.

స్పెయిన్ వాళ్లు రాకముందు నుంచీ ఆండీస్ జనం కొండలను కొలిచేవారు. భూమి వాళ్లకు పచమామ, అంటే తల్లి. ఆ తల్లే ఇక్కడ మరియమాతలో కలిసిందని బొలీవియా చరిత్రకారిణి తెరెసా గిస్బెర్ట్ వివరించారు. చిత్రం ముందు నిలబడితే ఆ మాట నిజమనిపిస్తుంది. మతం మారినా కొండ మీది భక్తి పోలేదు.

ఆ కొండే ఎందరినో మింగింది. 1570లలో స్పెయిన్ వైస్రాయ్ తొలేదో 'మీతా' అనే వెట్టిని కట్టుదిట్టం చేశాడు. నిర్ణీత ప్రాంతాల మగవాళ్లలో ఏటా ఏడో వంతు మంది వంతులవారీగా పొతోసికి రావాలి. చీకటి గనుల్లో పడి, ఊపిరితిత్తులు చెడి, పాదరసం సోకి లెక్కలేనంత మంది పోయారు. వాళ్లు తవ్విన వెండి ప్రపంచమంతా పారింది. బట్టల కోసం మన మచిలీపట్నం రేవుకు వచ్చిన యూరప్ ఓడల్లో అమెరికా గనుల వెండి కూడా ఉండేది.

అదే భవనంలో వెండిని రేకులుగా సాగదీసిన భారీ చెక్కయంత్రాలున్నాయి. కింది అంతస్తులో కంచరగాడిదలు గుండ్రంగా తిరుగుతుంటే పైన పళ్లచక్రాలు కదిలేవి. చిత్రాన్ని చూసిన కళ్లతోనే ఆ యంత్రాలనూ చూడాలి. చర్చిలకు, చిత్రాలకు, బంగారు చట్రాలకు డబ్బు ఎక్కడిదో అప్పుడే తెలుస్తుంది.

ఈ కళను స్పెయిన్ కానుకగా చెప్పుకోవడం న్యాయం కాదు. రూపం స్పెయిన్ నుంచి వచ్చి ఉండవచ్చు. అందులోని కొండ, భక్తి, చెమట ఆండీస్ ప్రజలవి. పొతోసి వెళ్లేవారు చిత్రాల గదులతో ఆగిపోకండి, యంత్రాల గదీ తప్పక చూడండి.