గోడకి ఒక మేకు

అద్దె ఇంట్లో కాపరం చేసిన ఏ ఇల్లాలినైనా అడగండి, మేకు విలువ చెబుతుంది. పెళ్ళయ్యాక పదకొండేళ్ళు నేను అద్దె ఇళ్ళలోనే గడిపాను. వెళ్ళిన ప్రతిచోటా ఇంటావిడ మొట్టమొదట చెప్పే మాట ఒక్కటే. "గోడలకి మేకులు మాత్రం కొట్టకండమ్మా, పెచ్చులూడిపోతాయి." దాంతో మా పెళ్ళి ఫొటో పదకొండేళ్ళపాటు బీరువా మీద గోడకి జారగిలబడి కూర్చుంది. సొంత ఫ్లాటు కొనుక్కుని, పాలు పొంగించి, చుట్టాలు భోజనాలు చేసి వెళ్ళగానే నేను చేసిన మొదటి పని హాల్లో ఒక మేకు కొట్టడం. అరచేయంత పెచ్చు ఊడింది. ఊడితే ఊడింది, నా గోడ!

ఇన్నాళ్ళకి ఆ మేకు మళ్ళీ గుర్తుకొచ్చింది మా వైఫై డబ్బా మూలాన.

ఆదివారం సాయంత్రం ఆరింటికి మా అమ్మాయి జర్మనీనుంచి వీడియో కాల్ చేస్తుంది. అత్తయ్యగారు అయిదున్నరకే మొహం కడుక్కుని, చీర మార్చుకుని, ఫోను ముందుకి కుర్చీ లాక్కుని కూర్చుంటారు. ఆవిడకి చెవులు సరిగా వినిపించవు. పెదవుల కదలిక చూసి మాట పోల్చుకుంటారు. అంచేత బొమ్మ ఆగిపోతే ఆవిడకి మాటా ఆగిపోయినట్టే. ఈమధ్య సరిగ్గా ఆ వేళకే పిల్ల మొహం సగం తెరిచిన నోటితో బిగుసుకుపోవడం మొదలెట్టింది. "దానికేమయిందే? అలా అయిపోయిందేం?" అని ఆవిడ ఒకటే గాభరా. మూడో ఆదివారం కూడా అదే తంతు అయ్యేసరికి, "మీరు మాట్లాడుకోండమ్మా, నాకెందుకులే" అని లేచి లోపలికి వెళ్ళిపోయారు. మార్చుకున్న చీర అలాగే ఉంది. నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది.

ఇంటర్నెట్టు అబ్బాయిని పిలిస్తే, "లైను 40 ఎంబీపీఎస్ వస్తోందండీ, మీ రౌటరు పాతది, కొత్తది కొనెయ్యండి" అన్నాడు. రౌటరు చేసిన కంపెనీకి రాస్తే, ఆ మోడల్‌కి కాలం చెల్లిందనీ, దానికి ఇహ కొత్త అప్‌డేట్‌లు రావనీ మర్యాదగా జవాబిచ్చారు. కొన్నది 2019లో! మా అమ్మ ఇచ్చిన రుబ్బురోలుకి ఇంకా కాలం చెల్లలేదు. దుమ్ము పడకుండా క్రోషా గుడ్డ కప్పి మరీ చూసుకుంటున్నానే, దీనికేం పుట్టింది?

మా తమ్ముడి కొడుకు వరంగల్లులో ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడికి ఫోనులో నా గోడంతా వెళ్ళబోసుకున్నాను.

"అత్తా, ముందా గుడ్డ తీసెయ్, పాపం ఉడికిపోతోంది," అన్నాడు. "డబ్బాకి ఏ రోగమూ లేదు. లోపలున్న ఫర్మ్‌వేర్ పాతబడిందంతే. అది తీసేసి వేరేది వేసుకోవచ్చు."

డబ్బా ఒళ్ళనుకుంటే ఫర్మ్‌వేర్ దాని బుద్ధిట. కంపెనీ వాడిచ్చిన బుద్ధి పీకేసి మరొకరి బుద్ధి పెట్టడమా? ఎవరు పడనిస్తారు? అని అడిగాను. దానికి వాడు చెప్పిన కథ నాకు భలే నచ్చింది. మన ఆవకాయ భాషలో చెబుతాను, వినండి.

1991లో ఫిన్లండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు లైనక్స్ అనే సాఫ్ట్‌వేరు రాయడం మొదలెట్టాడు. దాన్ని ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కాని జీపీఎల్ అనే లైసెన్సు ప్రకారం ఒక షరతుంది. నా పాళ్ళతో ఆవకాయ పెట్టి నువ్వు అమ్ముకో, అందులో నువ్వు వెల్లుల్లి వేసుకో, మెంతిపిండి వేసుకో. కాని నీ దగ్గర జాడీ కొన్నవాళ్ళు అడిగితే ఆ మార్చిన పాళ్ళు కూడా చెప్పి తీరాలి. ఎంత న్యాయం! మా పెద్దత్తయ్య ఈ షరతుకి ఒప్పుకునేది కాదు. పాళ్ళు అడిగితే ఒక దినుసు దాచేసి చెప్పేది.

2002 డిసెంబరులో లింక్సిస్ అనే అమెరికా కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే నీలం, నలుపు రంగుల రౌటరు బజార్లోకి తెచ్చింది. అందులో ఉన్నది లైనక్సేనని 2003లో కొందరు కనిపెట్టి, "పాళ్ళు చెప్పండి" అని కూర్చున్నారు. ఆ ఏడాదే లింక్సిస్‌ని సిస్కో కొనుక్కుంది. చివరికి 2003లోనే ఆ సోర్సు కోడు బయటపెట్టారు. అది పట్టుకుని 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టింది. పేరులో ఉన్న ఆ మూడక్షరాలూ ఆ పాత డబ్బావే. తరవాత 2005లో కంపెనీ అదే రౌటరులో మెమరీ సగం చేసి, లైనక్సు తీసేసి వేరేది పెట్టింది. లైనక్సు కావాలన్నవాళ్ళ కోసం డబ్ల్యూఆర్‌టీ54జీఎల్ అని విడిగా ఇంకొకటి అమ్మింది. చూశారా, కొనేవాళ్ళు గట్టిగా అడిగితే అంగడివాడు వేరే అర తెరుస్తాడు!

ఇలాంటివే డీడీ-డబ్ల్యూఆర్‌టీ అనీ, టొమాటో అనీ మరికొన్ని ఉన్నాయిట. వంటింటి పేరు కదా అని నాకు టొమాటో మీద మనసు పోయింది గాని, అది బ్రాడ్‌కామ్ చిప్పు ఉన్న డబ్బాలకేనట. మాది ఆ జాతి కాదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ జాబితాలో మాత్రం మా మోడల్ ఉంది. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉన్న పాతవాటికి ఇప్పటి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పట్టదుట. మాదానికి 16, 128 ఉన్నాయి. బతికిపోయాను.

"పనిచేస్తున్నదాన్ని కెలకడం ఎందుకు?" అన్నారు మావారు. పనిచేస్తున్నట్టు కనిపించడం వేరు. 2018 మే నెలలో వీపీఎన్‌ఫిల్టర్ అనే దొంగ సాఫ్ట్‌వేరు 54 దేశాల్లో కనీసం 5 లక్షల రౌటర్లూ అలాంటి పెట్టెల్లో దూరిందని బయటపడింది. వాటి లైట్లూ చక్కగా వెలుగుతూనే ఉన్నాయి. అప్‌డేట్లు ఆగిపోయిన డబ్బా అంటే తాళం తుప్పుపట్టిన వీధి తలుపన్నమాట. ఈ మాట చెప్పాక మావారు వాదన మార్చారు. "నీకు చేతకాదు, కాల్చేస్తావు."

ఆ మాటతో నేను నిశ్చయించేసుకున్నాను.

మేనల్లుడు చెప్పిన జాగ్రత్తలన్నీ పద్దుపుస్తకంలో రాసుకున్నాను. మొదటిది, గోడకి ఇంటర్నెట్టు వాళ్ళు బిగించిన ఫైబరు పెట్టె వాళ్ళది, దాని జోలికి పోకూడదు. మనం డబ్బిచ్చి కొన్న రౌటరు మాత్రమే మనది. రెండు, డబ్బా అడుగున చీటీ మీద మోడల్ పేరే కాదు, వెర్షన్ నెంబరూ చూడాలి. అవి కవలపిల్లల్లాంటివి. మొహం ఒకటే, లోపల గుణాలు వేరు. మూడు, నెట్ లైను తాలూకు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ముందే కనుక్కుని రాసిపెట్టుకోవాలి. నాలుగు, దింపుకున్న ఫైలుకి వేలిముద్రలాంటిది 64 అక్షరాలది ఉంటుంది, అది సరిచూసుకోవాలి. అయిదు, వైఫై మీద కాదు, కేబులు పెట్టి చెయ్యాలి. ఆరు, మధ్యలో కరెంటు పోకూడదు. పోతే డబ్బా 'బ్రిక్' అయిపోతుందిట. అంటే ఇటుక! తిరిగి బతికించే ఉపాయాలు ఉన్నాయి గాని, అన్నిటికీ పనిచెయ్యవు.

"ఇటుకైతే ఊరగాయ జాడీ మూత మీద బరువు పెట్టుకోవచ్చు" అన్నారు మావారు పేపరు చాటునుంచి.

శనివారం మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ చూసుకుని కూర్చున్నాను. ఇన్వర్టరు మీద డబ్బా, లాప్‌టాప్, పక్కన పద్దుపుస్తకం. 64 అక్షరాలూ వేలు పెట్టి రెండుసార్లు చదివాను. పెళ్ళి సంబంధానికి జాతకం కూడా ఇంత శ్రద్ధగా చూసి ఉండరు. మనసులో దణ్ణం పెట్టుకుని నొక్కాను.

లైట్లన్నీ ఆరిపోయాయి. ఒక్కటే టపటపా కొట్టుకోవడం మొదలెట్టింది. మూడు నిమిషాలు... అయిదు నిమిషాలు... ఇంతలో కొట్టుకోవడం మానేసి ఆ లైటు నిలకడగా వెలిగింది. హమ్మయ్య అనుకుని ఫోను తీసి చూద్దును కదా, వైఫై జాబితాలో మా ఇంటి పేరే లేదు. పక్కింటివాళ్ళది ఉంది, కిందింటివాళ్ళది ఉంది, మాది లేదు! లోపలినుంచి మావారు "నెట్ పోయిందే!" అని కేక. నా కాళ్ళు చల్లబడ్డాయి. రేపు ఆదివారం.

మేనల్లుడికి ఫోను చేస్తే పకపకా నవ్వాడు. "చచ్చిపోలేదత్తా! ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేశాక మామూలుగా వైఫై దానంతట అది రాదు. నువ్వు చెప్పేదాకా ఊరుకుంటుంది. కేబులు పెట్టే ఉంది కదా, బ్రౌజర్లో 192.168.1.1 కొట్టు."

కొట్టాను. తెర తెరుచుకుంది. మొదట నా పాస్‌వర్డ్ ఏదో పెట్టుకోమంది. ఏ దేశమో చెప్పమంది. వైఫైకి పేరేమిటని అడిగింది. పాతది మా ఇంటికొచ్చిన రోజే అన్నీ తనే నిర్ణయించేసి కూర్చుంది. ఇది మాత్రం కొత్తగా పనిలో చేరిన మనిషిలా గుమ్మంలో నిలబడి "ఏం చెయ్యమంటారమ్మా?" అంటోంది. ఎంతో హాయనిపించింది. కొంచెం భయమూ వేసింది. చెప్పాల్సింది నేనే కదా!

అసలు రోగం సంగతి తరవాత తేలింది. "ఆదివారం ఆరింటికి ఇంట్లో ఇంకెవరు నెట్ వాడతారు?" అని అడిగాడు వాడు. ఇంకెవరు! మావారు. పొద్దున్న వాకింగు మిత్రులతో తీసిన వీడియోలన్నీ సరిగ్గా అప్పుడే గూగుల్ ఖాతాలోకి ఎక్కిస్తారు. రౌటరులో అన్నిటికీ ఒకటే క్యూ. కిరాణా కొట్లో నెలసరుకు చీటీ చదివేవాడి వెనక అగ్గిపెట్టె కోసం వచ్చిన పిల్ల నిలబడ్డట్టు, ఆయన వీడియోల వెనక మా అమ్మాయి మొహం నిలబడిపోతోంది. దీనికి 'బఫర్‌బ్లోట్' అని పేరు. జిమ్ గెటిస్ అనే ఇంజనీరు తన సొంత ఇంట్లో నెట్ మందగించడం చూసే 2010లో దీని వెంటపడ్డాడుట. అగ్గిపెట్టె పిల్లని ముందుకి పంపే పద్ధతి 2012లో లైనక్సులో చేరింది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ఎస్‌క్యూఎం అనేది విడిగా దింపుకుని, లైను వేగం 40 అయితే 36 అని రాసి పెట్టాలి. రౌటరు కాస్త ఎక్కువ కష్టపడాలి కాబట్టి, 300 లైనున్న వాళ్ళింట్లో ఇంత చిన్న డబ్బా దీన్ని మొయ్యలేదుట. మాది 40 కావడం ఒక్కొక్కసారి మేలే.

మర్నాడు ఆరింటికి, వద్దన్నా వినకుండా అత్తయ్యగారిని తెచ్చి కూర్చోబెట్టాను. ఆవిడ చీర మార్చుకోలేదు. పక్కగదిలో మావారు వీడియోలు ఎక్కిస్తూనే ఉన్నారు. ఆపమని నేను చెప్పలేదు, పరీక్ష కదా! ఇరవై నిమిషాలు పిల్ల మొహం ఒక్కసారి కూడా ఆగలేదు. అత్తయ్యగారు ఫోను మీదకి వంగి, దాని పెదవులనే చూస్తూ, ఉన్నట్టుండి అన్నారు, "ఏమే, ముందుపన్ను విరిగిందేం?"

మేమెవ్వరం చూడలేదు. మంచుమీద జారి పడిందిట, మూడు వారాలయిందిట. మాకు చెబితే కంగారుపడతామని దాచింది. నానమ్మ దగ్గర దాగలేదు.

ఇప్పుడు మా ఇంట్లో నెట్ పోతే తిట్టుకోడానికి కంపెనీ లేదు. అర్ధరాత్రయినా మావారు నన్నే పిలుస్తారు. కొత్త వెర్షన్ వచ్చిందేమో నేనే చూసుకోవాలి, వస్తే నేనే వెయ్యాలి. ఏదైనా చెడితే ఆ తప్పూ నాదే. సొంత గోడ అంటే ఇదే కాబోలు. మేకు కొట్టే హక్కుతోబాటు ఊడిన పెచ్చు పూడ్చే పనీ మనదే.

క్రోషా గుడ్డ మాత్రం ఉతికి, మిక్సీ మీద కప్పాను.