వాకిటి కుర్చీ

దిల్‌సుఖ్‌నగరమున మెట్రో రైలెక్కి ఎల్.బి. నగరమునకుఁ బోవునపుడు నడుమ విక్టోరియా మెమోరియల్ అను స్టేషను వచ్చును. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను కాలమున, ఇంగ్లండు రాణి స్మారకముగా నచట వెలసిన అనాథబాలల గృహమునుబట్టి దాని కాపేరు కలిగినది. అది దిక్కులేని బిడ్డలను లోనికిఁ జేర్చుకొన్న గడప. వచ్చినవారిని గడపకడనే నిలుపుటకు ఆ రాణి దేశమున 18వ శతాబ్దమునందు ఒక కుర్చీ ప్రబలియుండెనని మే మీ సందర్భమునఁ జెప్పఁదలఁచితిమి.

అది మహాగని కుర్చీ. 1721లో అమెరికాఖండపు బ్రిటిషు వలసల కలపపై సుంకము తీసివేయఁగా, జమైకానుండి మహాగని విరివిగా వచ్చినది. అడవులలో దానిని నఱికినవారు బానిసలు. థామస్ చిప్పెండేలు 1762 నాఁటి తన నమూనాల గ్రంథమున నిట్టి కుర్చీలను జిత్రించెను. లాంకాస్టరులోని గిల్లో వారును వీనిని జేసిరి. వీపుపలకపై ఇంటివారి వంశచిహ్నము మెఱయును. కూర్చుండుచోట దూదియు లేదు, తోలును లేదు, ఒట్టి చెక్క. వానలోఁ దడిసి జాబు తెచ్చిన బంట్రోతు దానిపైఁ గూర్చుండి పిలుపునకై కాచుకొనవలెను. మెత్తనిదైనచోఁ బాడగును గదా!

సోదరీమణులారా, ఈ రెండు పేటలలోను కలపసామానుల యంగళ్లు కలవు. మనమును వాకిటికిఁ గుర్చీలు కొందుము. అవి చూచువారికొఱకా, కూర్చుండువారికొఱకా? సరకు తెచ్చిన కుఱ్ఱవాఁడును, పని నడుగవచ్చిన ముసలమ్మయు వేచియుండునది యచటనే. ఇంటి మర్యాదకు వాకిటి కుర్చీయే కొలబద్ద.