లక్షా అరవై అయిదు వేల రైఫిల్

మా అమ్మాయికి ఎయిర్ రైఫిల్ కొనాలనుకున్నప్పుడు విచారిస్తే, జర్మనీ, ఆస్ట్రియా కంపెనీల కొత్త రైఫిల్ చేతికొచ్చేసరికి రెండున్నర లక్షలు దాటుతుందన్నారు. పైమోడల్ కావాలంటే మూడున్నర. మా ఆయనదీ నాదీ నెలజీతాల బతుకు. సొంత ఫ్లాటు కంతులు ఇంకా నడుస్తున్నాయి. అలాంటి ఇంట్లో ఈ ఖర్చు గురించి నెలల తరబడి మాట్లాడుకోవాల్సిందే, మాట్లాడుకున్నాం కూడా.

హైదరాబాద్‌లో పిల్లల్ని షూటింగ్‌కు పంపే తల్లిదండ్రులకు గగన్ నారంగ్ పేరు చెప్పక్కర్లేదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చిన మన ఊరి కుర్రాడు. కొడుక్కి రైఫిల్ కొనడానికి అతని తల్లిదండ్రులు తమకున్న స్థలం అమ్మేశారని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. అది చదివినప్పుడల్లా నాకు వాళ్ల మీద గౌరవం పెరుగుతుంది. కానీ ఆ తెగువ చూసి ప్రతి ఇల్లూ అదే బాట పట్టాలని నేననను. ఆట మీద పిల్లకెంత మనసుందో తేలకముందే ఆస్తి మీద చెయ్యి వేయకూడదన్నది నా పట్టుదల.

అందుకే మొదటి ఏడాది అద్దె రైఫిలే. మా అమ్మాయి నేర్చుకునే అకాడమీ వాళ్లు తమ రైఫిల్ వాడుకోవడానికి నెలకు 2,500 తీసుకునేవారు. ఏడాదికి 30,000. "ఆ డబ్బు గాల్లో కలిసినట్టే కదా, సొంతదే కొనేస్తే పోయె" అన్నవాళ్లున్నారు. నేనలా లెక్కేయలేదు. పరీక్షల సీజన్‌లో, ఎండాకాలంలో, స్కోరు నెలల తరబడి కదలని రోజుల్లో కూడా మా అమ్మాయి రేంజ్‌కు వెళ్తుందా లేదా అన్నది ఆ 30,000తో తెలిసింది. ఆ సంగతి తెలియకుండా కొన్న రైఫిళ్లు సగం ధరకు అమ్మకానికి రావడం మేమే చూశాం.

డబ్బు సర్దుకోవడంలో ఒక్క విషయం మీద మాత్రం ఇంట్లో గట్టిగా వాదన జరిగింది. బంగారం పెట్టి లోను తీసుకుందామని ఆయన. వద్దని నేను. కొన్న రోజు నుంచీ ధర తగ్గే వస్తువు కోసం, వడ్డీ పెరిగే అప్పు చేయడం నాకు రుచించలేదు. అద్దెకు వాడుతున్న ఏడాదంతా బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ కట్టాం, దానికి మా అత్తయ్య పాడుకున్న చీటీ డబ్బులో కొంత తోడైంది. వెరసి రెండు లక్షల చిల్లర. ఇందులోనే జాకెట్, ప్యాంటు, బూట్లు, గ్లోవ్ కూడా రావాలి. అంటే రైఫిల్‌కు లక్షా డెబ్బై వేలకు మించి పెట్టలేం. కొత్తది మాట మరిచిపోయి సెకండ్‌హ్యాండ్ వెతకడం మొదలుపెట్టాం.

పాడిగేదెను కొనేవాడు కొమ్ముల వంపు చూసి డబ్బివ్వడు, పూట పాలు పిండించి చూస్తాడు. రైఫిల్ దగ్గరికొచ్చేసరికి మాత్రం చాలామంది కంపెనీ పేరు, రంగు, మెరుపు చూసి అడ్వాన్సు ఇచ్చేస్తున్నారు. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, అన్షుట్జ్, స్టైర్ అన్నవి గొప్ప పేర్లే. అయితే పదేళ్లు నలుగురి చేతులు మారిన రైఫిల్ మీద ఆ పేరు ఒక్కటే కొత్తగా ఉంటుంది, లోపలి భాగాల వయసు దేనిది దానిదే. మేం డబ్బిస్తున్నది ఆ భాగాలకు. అందుకే ఏ భాగం ఎంత మిగిలిందో తెలిస్తే తప్ప ధర మాట్లాడకూడదనుకున్నాం.

ఎందుకింత పట్టింపు అంటే, ఈ ఆటలో తేడాలు అంత సన్నవి. లక్ష్యం నడుమ పది అంకె చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. ఇప్పుడు స్కోరు దశాంశాల్లో వేస్తారు, ఒక్క షాట్‌కు గరిష్ఠం 10.9. పాయింటులో పదో వంతు తేడా అంటే లక్ష్యపు కార్డు మీద పావు మిల్లీమీటరు. లండన్‌లో నారంగ్ మొత్తం 701.1, రజతం గెలిచిన ఇటలీ షూటర్‌ది 701.5.

ఇక పెల్లెట్ వేగం సంగతి. మ్యాచ్ ఎయిర్ రైఫిల్‌లో అది సెకనుకు 170 మీటర్ల పైచిలుకు ఉంటుంది. పది మీటర్లు చేరేలోపు భూమి ఆకర్షణకు 16 మిల్లీమీటర్లకు పైగా కిందికి దిగుతుంది. సైట్ ఆ దిగుడుకు సరిపడా సర్ది ఉంటుంది కాబట్టి అది ఇబ్బంది కాదు. ఇబ్బందల్లా వేగం షాట్ షాట్‌కు మారితేనే. సెకనుకు మూడు మీటర్ల తేడా వచ్చిందనుకోండి, పెల్లెట్ అర మిల్లీమీటరు పైనో కిందో పడుతుంది. పిల్ల ఊపిరి బిగబట్టి, నిలకడగా నిలబడి, సరిగ్గా ట్రిగ్గర్ నొక్కినా రెండు దశాంశాలు రైఫిలే తినేస్తుంది. తప్పు తనదేననుకుని పిల్ల తన పద్ధతినే మార్చుకోవడం మొదలుపెడుతుంది. నాకు డబ్బు నష్టం కంటే ఇదే ఎక్కువ భయం.

ఈ వేగాన్ని ఒకేలా ఉంచేది రెగ్యులేటర్. సిలిండర్‌లో గాలి 200 బార్ ఒత్తిడితో నిండి ఉంటుంది, కాలుస్తున్నకొద్దీ తగ్గుతూ వస్తుంది. లోపల ఎంత తగ్గినా, ప్రతి షాట్‌కు ఒకే ఒత్తిడితో గాలిని వాల్వ్‌కు అందించడం రెగ్యులేటర్ పని. అది పాతబడినా, దాని ఓ-రింగులు గట్టిపడినా పైకి ఏమీ కనబడదు. కనిపెట్టేది పెల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఒక్కటే.

మొదట చూసిన రైఫిల్‌కు 1,40,000 చెప్పారు. చూడటానికి పెళ్లికూతురిలా ఉంది. ఎరుపు అల్యూమినియం స్టాక్, గీత లేదు. పెట్టె, అదనపు బరువులు, వెనక సైట్ అయిన డయాప్టర్‌కు పెట్టే రెండు ఐరిస్‌లు అన్నీ కలిపే ధర. మా అమ్మాయి దాన్ని భుజానికి ఆనించుకోగానే మొహం వెలిగిపోయింది. "అమ్మా, ఇదే" అంది. రేంజ్‌లో ఒక ఆర్మరర్ ఉన్నారు, రైఫిళ్ల మరమ్మతే ఆయన వృత్తి. పరీక్షకు 2,000 అడిగారు, మేమే ఇచ్చాం. ఆయన ముందుగా సిలిండర్ విప్పి, దాని మెడ దగ్గర చెక్కిన నెల, సంవత్సరం నా చేత చదివించారు. 2013. "దీనికి కాలం చెల్లిందండీ మేడమ్" అన్నారు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల ప్రకారం సిలిండర్ గడువు గరిష్ఠంగా పదేళ్లు, గడువులో ఉందో లేదో చూసుకునే బాధ్యత షూటర్‌దే. నియమం సంగతి అటుంచి, 200 బార్ ఒత్తిడి ఉన్న లోహపు గొట్టాన్ని చెంపకు దగ్గరగా పెట్టుకునేది నా కూతురు. గడువు తీరిన సిలిండర్‌ను ఉచితంగా ఇచ్చినా నేను తీసుకోను.

తర్వాత క్రోనోగ్రాఫ్ మీద పది షాట్లు. తక్కువ 169, ఎక్కువ 176. ఏడు మీటర్ల తేడా, అంటే కార్డు మీద మిల్లీమీటరుకు పైనే. కొత్త సిలిండర్‌కు 28,000, రెగ్యులేటర్ మార్చి సీళ్లన్నీ వేయడానికి 16,000 అవుతుందని ఆర్మరర్ లెక్క కట్టారు. 1,40,000 రైఫిల్ అక్కడికక్కడే 1,84,000 అయింది. అమ్మేవాళ్లు దాచిందేమీ లేదు, లోపల ఏముందో వాళ్లకీ తెలియదు. నమస్కారం పెట్టి వచ్చేశాం. ఆ సాయంత్రం మా అమ్మాయి అన్నం సరిగా తినలేదు. ఆ పది షాట్లు పడిన కార్డు మీది రంధ్రాలూ, క్రోనోగ్రాఫ్ అంకెలూ పక్కన పెట్టి కూర్చోబెట్టి చూపించాక తనే "వద్దులే అమ్మా" అంది.

రెండోది దొరకడానికి కొంతకాలం పట్టింది. స్టాక్ మీద నాలుగైదు గీతలు, చెంప ఆనించే చీక్ పీస్ మీద రంగు పోయి ఉంది. చెప్పిన ధర 1,85,000. మొదటిదానికన్నా 45,000 ఎక్కువ. అయినా పరీక్ష చేయించాం. సిలిండర్ మీద 2019 అని ఉంది, మేం చూస్తున్నది 2023లో. క్రోనోగ్రాఫ్ మీద తక్కువ 171, ఎక్కువ 173.

ఆ తర్వాత రైఫిల్‌ను వైస్‌లో బిగించి ఒకే గురికి పది పెల్లెట్లు కాల్చారు. కార్డు మీద పది రంధ్రాలు కలిసి ఒక్క రంధ్రమే మిగిలింది. అంచు నుంచి అంచుకు కొలిస్తే ఐదున్నర మిల్లీమీటర్లు. పెల్లెట్ ఒక్కటే నాలుగున్నర ఉంటుందన్నది గుర్తుంటే ఆ అంకె విలువ తెలుస్తుంది. బ్యారెల్ అరిగిపోతుందేమోనని చాలామంది భయపడతారు గానీ, మెత్తటి సీసపు పెల్లెట్లు ఇంత తక్కువ వేగంతో వెళ్తే ఉక్కు అరిగేది చాలా తక్కువ. బ్యారెల్‌ను పాడుచేసేవి తుప్పు, ముతక ఇనుప కడ్డీతో తుడవడం. కడ్డీ తగిలి బ్యారెల్ మూతి అంచు దెబ్బతింటే పెల్లెట్ బయటికొచ్చే క్షణంలోనే దారి తప్పుతుంది. ఆర్మరర్ ఆ అంచును భూతద్దంతో నాకు చూపించారు. చుట్టూ ఒకే మెరుపు, ఎక్కడా నొక్కు లేదు.

డయాప్టర్‌ను ఇరవై క్లిక్కులు కుడికి, ఇరవై పైకి, మళ్లీ ఎడమకు, మళ్లీ కిందికి తిప్పుతూ మలుపు మలుపుకూ ఒక్కో షాట్ కాల్చారు. చివరిది బయల్దేరిన రంధ్రంలోకే వచ్చింది. ట్రిగ్గర్ మా అమ్మాయే చూసింది. బ్యారెల్ ఖాళీ అని చూపించాక, డ్రై ఫైర్‌లో పెట్టి పదేపదే నొక్కింది. మొదటి దశ దాటి వేలు ఆగే చోటు ప్రతిసారీ అక్కడే ఉండాలి, అక్కడి నుంచి జారుడు లేకుండా విడవాలి. కాక్ చేసి, భుజానికి ఆనే బట్ ప్లేట్‌ను రబ్బరు సుత్తితో తట్టినా ట్రిగ్గర్ దానంతటది విడిపోలేదు. ఇది భద్రతకు సంబంధించినది, దీంట్లో రాజీ లేదు.

చివరిది గాలి లీకు. సిలిండర్ నింపి, ప్రెషర్ గేజ్ ముల్లు ఎక్కడుందో ఫొటో తీసుకుని, రాత్రంతా ఆర్మరర్ గదిలోనే ఉంచమన్నాం. వేడికీ చలికీ ముల్లు కాస్త అటూ ఇటూ అవుతుంది కనక గది మార్చొద్దన్నారాయన. పొద్దున చూస్తే ముల్లు వెంట్రుక వాసి దిగింది. సబ్బు నురగ రాస్తే పెల్లెట్ పెట్టే బ్రీచ్ దగ్గర చిన్న బుడగ. ఓ-రింగులు మారిస్తే సరిపోతుందని, సర్వీసుతో కలిపి 6,000 అని తేల్చారు.

బేరం ఇక్కడి నుంచి తేలికైంది. కొత్త సిలిండర్ 28,000, పదేళ్లు పనికొస్తుంది, అంటే ఏడాదికి 2,800. నాలుగేళ్లు వాడేశారు కాబట్టి 11,200 తగ్గించమన్నాను. సర్వీసుకు 6,000. రెండూ పోను 1,67,800. అమ్మే పెద్దాయన కాగితం మీద అంకెలు తిరిగి కూడుకుని చూశారు. "అమ్మా, ఇంతమంది వచ్చారు గానీ ఎవరూ ఇలా విడమరిచి అడగలేదు. 1,65,000 ఇవ్వండి, మీ పాప బాగా ఆడాలి" అన్నారు. ఊరికే తగ్గించమని అడిగితే వచ్చే చిరాకు, కారణం చూపించి అడిగితే రాదని ఆయన మాటల్లోనే తెలిసింది.

కాగితాల విషయంలోనూ తొందరపడలేదు. 4.5 మిల్లీమీటర్లకు మించని గొట్టం, 20 జౌళ్లకు మించని శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. మ్యాచ్ రైఫిల్ శక్తి ఎనిమిది జౌళ్ల లోపే. అయినా మొదటి కొనుగోలు బిల్లు, దానిమీది సీరియల్ నంబరు, యాక్షన్ మీద చెక్కిన నంబరు ఒకటేనా అని సరిచూసుకుని, ఇద్దరి గుర్తింపు కార్డుల నకళ్లతో అమ్మకం పత్రం రాసుకున్నాం. డబ్బు బ్యాంకు ద్వారానే పంపాం. రేపు మేం అమ్మేటప్పుడు ఈ కాగితాలే ధర నిలబెడతాయి.

బరువు, స్టాక్ గురించి ఒక మాట చెప్పాలి. నియమం రైఫిల్‌కు 5.5 కిలోల దాకా ఒప్పుకుంటుంది, కానీ ఎదిగే పిల్లకు నాలుగున్నర కిలోలే ఎక్కువ. పొడవు, బట్ ప్లేట్, చీక్ పీస్ అన్నీ జరుపుకునే వీలున్న స్టాక్ తీసుకున్నాం కాబట్టి, మా అమ్మాయి ఎత్తు పెరిగినా రైఫిల్ మార్చాల్సిన పని పడలేదు. అందంగా ఉందని కొలత కదలని చెక్క స్టాక్ కొన్న మా స్నేహితురాలు రెండేళ్లకే ఇంకొకటి వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇదే రైఫిల్ నాలుగేళ్లు వాడాక అమ్మినా 1,20,000 వరకు వస్తుందంటున్నారు. ఆ లెక్కన మాకయ్యే ఖర్చు 45,000, సర్వీసులతో కలిపినా నెలకు పన్నెండు వందల లోపే. అద్దె అయితే 2,500. అసలు భారం పెల్లెట్లది. మ్యాచ్ పెల్లెట్ల డబ్బాలో 500 ఉంటాయి, సాధన జోరుగా ఉంటే డబ్బా వారం తిరక్కుండానే ఖాళీ. రైఫిల్ కొనేవాళ్లు ఈ నెలసరి ఖర్చు ముందుగా పక్కన పెట్టుకోకపోతే, మంచి రైఫిల్ ఉండి కూడా సాధన కుంటుపడుతుంది.

సిలిండర్ గడువు 2029లో తీరుతుంది. కొత్తది జర్మనీ నుంచి రావడానికి నెలలు పట్టొచ్చని 2028 చివర్లోనే ఆర్డరు పెట్టాలనుకున్నాం. అందుకోసం రైఫిల్ కొన్న నెలలోనే 500 రూపాయల రికరింగ్ డిపాజిట్ విడిగా తెరిచాను. అప్పటికి ధర పెరిగినా 32,000కు పైనే చేతిలో ఉంటుంది.