బాలా కొండలమీద ఒక కుక్కపిల్ల చదువు

మేరీ జోన్స్ కథ మన సండేస్కూలు పిల్లలకు తెలిసినదే. 1800 సంవత్సరములో, 15 ఏండ్ల ఆ పేదపిల్ల బైబిలు కొనుక్కోవాలని వేల్సు కొండదారుల్లో దాదాపు 25 మైళ్ళు నడిచి బాలా అనే ఊరు చేరింది. ఆ ఊరు చూడాలని మాకు ఎన్నాళ్ళనుండో కోరిక. లివర్‌పూల్‌లో నర్సుగా ఉన్న మా అమ్మాయి దగ్గరకు వెళ్ళినప్పుడు, ఒక ఏప్రిల్ నెలలో అది తీరింది. తీరా వెళ్ళాక మేము ఎక్కువసేపు చూసింది మాత్రం ఒక కుక్కను.

బాలా పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న చిన్న ఊరు. చుట్టూ కొండలు, రాతిగోడలు, తెల్లని గొర్రెలు. గొర్రెలు తోలే కుక్కలకు 1873 అక్టోబరు 9న ఇక్కడే పోటీ పెట్టారు. బ్రిటన్‌లో అటువంటి పోటీల్లో మొదటిదిగా దానినే చెప్పుకుంటారు. స్కాట్లాండు మనిషి ఒకడు తన కుక్కతో వచ్చి, వేల్సు గడ్డమీద బహుమతి పట్టుకుపోయాడట!

మేము బస చేసిన ఇల్లు ఒక రైతుది. ఇంట్లో అందరిదీ వెల్ష్ భాష. కుక్కలతో మాత్రం ఆయన ఇంగ్లీషు మాట్లాడతాడు. "కమ్ బై" అంటే గడియారం ముల్లు తిరిగే వైపు మందను చుట్టిరావాలి. "అవే" అంటే దానికి ఎదురు వైపు. "లై డౌన్" అంటే ఉన్నచోటే పడుకోవాలి. ముసలి కుక్క నెల్‌కు ఇవన్నీ కరతలామలకము. కుర్రది జిప్, 14 నెలలది, ఇంకా నేర్చుకుంటున్నది.

మన పాలమూరు వైపు కురుమలు, గొల్లలు మందకు ముందు నడుస్తారు. గొర్రెలు గొంతు గుర్తుపట్టి వెంట వస్తాయి, యోహాను సువార్త 10వ అధ్యాయములో ఉన్నట్లే. మన కుక్కల పని రాత్రి తోడేళ్ళను కాయడం. అక్కడ కాపరి ఒకచోట నిలబడితే కుక్క వెళ్ళి మందను తీసుకొస్తుంది. గొర్రెలను కదిలించేది దాని చూపు, అది నిలిచిన దూరం. ఒక్క అడుగు ముందుకు వేస్తే మంద కదులుతుంది, రెండు వేస్తే బెదురుతుంది.

పెద్ద గొర్రెలతో ఇది సాగుతుంది. చిక్కంతా పిల్లలతోనే. నాలుగు రోజుల పిల్లకు కుక్క అంటే ఏమిటో తెలియదు, మందలో కలవాలనీ తెలియదు. తల్లేమో పారిపోదు, తిరగబడుతుంది. కుక్క తొందరపెడితే తల్లి ఒకవైపు, పిల్ల ఒకవైపు అయిపోతాయి. అలా విడిపోయిన పిల్లను తల్లి మళ్ళీ చేరనివ్వకపోవచ్చు. చలిలో పాలు దొరకని పిల్ల ఎంతసేపు బతుకుతుంది?

ఆ ఉదయం 12 తల్లులను పిల్లలతో సహా పై పొలానికి మార్చాలి. రైతు జిప్‌ను పొడుగాటి తాడుతో తెచ్చాడు. ఒక తల్లిగొర్రె ఎదురు తిరిగి కాలు నేలకేసి కొట్టింది. జిప్ కరవలేదు, వెనుదిరగలేదు, పొట్ట నేలకానించి పడుకుంది. మేము సంతోషించే లోపలే ఒక పిల్ల వెనుకకు ఉరికింది. చివరిసారి పాలు తాగిన చోటికే పరుగెత్తడం వాటి స్వభావమట. జిప్ దాని వెంటపడింది. తాడు ఆయన చేతిలోనుండి జారిపోయింది.

"లై డౌన్!"

ఒక్కసారే అన్నాడు. జిప్ ఇంకో నాలుగు గజాలు పోయి, వణుకుతూ పడుకుంది. పిల్ల గోడపక్క కాలువలో పడి అరుస్తున్నది. ఆయన కుక్కను కొట్టలేదు, తిట్టలేదు. పిల్లను ముందుకాళ్ళు పట్టి నేలకు దగ్గరగా వేలాడదీసి మెల్లగా నడిచాడు. తల్లి వాసన చూస్తూ వెంట వచ్చింది. జిప్‌ను కట్టివేసి నెల్‌ను పిలిచాడు. నెల్ ఎంతో దూరాన నిలిచి, ఒక అడుగు వేసి ఆగుతుంది, తల్లులు పిల్లలను పిలుచుకునే దాకా కదలదు. 300 గజాలకు ముప్పావు గంట పట్టింది. చూసేవారికి అది పనిచేస్తున్నట్లే ఉండదు.

"ఇక జిప్ పనికిరాదా?" అని మా అమ్మాయి చేత అడిగించాము. ఇటువంటి వేట రుచి మరిగిన కుక్కను గొర్రెల దగ్గర ఉంచుకోలేరని అంతకుముందే విన్నాము గనుక మాకు దిగులు పుట్టింది.

"తప్పు దానిది కాదు, నాది. తొందరపడ్డాను," అన్నాడాయన. ఇంకొన్నాళ్ళు పెద్ద గొర్రెల దగ్గరే పని చెబుతాడట. పిల్లల మధ్యకు తాడుతో నడిపించడమే తప్ప, తోలనివ్వడట.

సాయంత్రం అలాగే తీసుకెళ్ళాడు. తడకల లోపల తల్లులు మేస్తున్నాయి. జిప్ ఆయన బూటు పక్కన పడుకుంది. ఒక పిల్ల తడక సందులోనుండి దూరి వచ్చి దాని ముక్కు వాసన చూసింది. జిప్ ఒళ్ళంతా బిగబట్టుకొని, మెల్లగా తల అటు తిప్పుకుంది. ఆయన తాడు వదులుచేశాడు.

మా బస్సు అప్పటికే వెళ్ళిపోయింది.